మనిషి ఒకచోట, రుజువు ఇంకోచోట

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, విదేశాలకు బయల్దేరుతున్న పిల్లల ముందు, వాళ్ల పెద్దవాళ్ల ముందు ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా అండీ? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. సరే, వినిపిస్తోంది.

నేను 33 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్లు ఇదే ఊళ్లో, ఎన్నారై ఖాతాలు చూసే సీటులో. ఆ సీటులో కూర్చుని రోజుకి పదిసార్లు అన్న మాట ఒకటుంది: "మీరు మీరేనని రుజువేదండీ?" ఒకసారి గాజువాక నుంచి ఒకాయన వచ్చాడు. పదేళ్లు గల్ఫ్‌లో చేసి తిరిగొచ్చిన మనిషి. సంతకం మా దగ్గరున్న పాత సంతకంతో కలవలేదని ఫారం వెనక్కిచ్చాను. ఆయన అద్దం కింద సందులోంచి మొహం దగ్గరగా పెట్టి, "ఏటి సార్, నేను నేనే కదేటి! మీ ఎదురుగానే నిల్చున్నాను కదా!" అన్నాడు. "నాకు తెలుసండీ, కాయితానికి తెలీదు కదా" అన్నాను. పక్క సీటువాళ్లు నవ్వారు. బాగా చెప్పానని నేనూ మురిసిపోయాను.

రిటైరయ్యాక నేనూ మా ఆవిడా మూడు నెలలకని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. వెళ్లిన నాలుగో రోజు, వాడు ఆఫీసుకి వెళ్లాక, మేమిద్దరం వీధి చివర సూపర్ మార్కెట్‌కి వెళ్లాం. మా ఆవిడ బెల్టు మీద పాలు, పెరుగు డబ్బా, ఉల్లిపాయల సంచి, ఒక కాలీఫ్లవరు వరసగా పేర్చింది. 23 యూరోలైంది. నేను దర్జాగా కార్డు తీసి మిషన్‌లో పెట్టి పిన్ కొట్టాను. మిషన్ రెండుసార్లు కుయ్యిమంది. మళ్లీ పెట్టాను. మళ్లీ కుయ్యిమంది. వెనకాల ఏడెనిమిది మంది. అక్కడివాళ్లు మనలా "ఏమైందండీ" అని అడగరు, ఊరికే చూస్తారు. ఆ చూపు భరించడం కష్టం. మా ఆవిడ ఒక్కొక్కటే బెల్టు మీంచి తీసి మళ్లీ బుట్టలో పెడుతుంటే, ఆ కాలీఫ్లవరు వంక చూస్తూ నిలబడ్డాను.

ఎందుకు పనిచెయ్యలేదో బ్యాంకు మనిషిని కాబట్టి నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. 2020 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి అమల్లో ఉంది. కొత్తగా ఇచ్చే కార్డయినా, పాతదానికి బదులు ఇచ్చే కార్డయినా, ముందు మన దేశంలో ఏటీఎంలకీ దుకాణాల్లో మిషన్లకీ మాత్రమే పనిచేస్తుంది. విదేశంలో వాడాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. ఈ సంగతి కౌంటర్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నా కార్డుకి మాత్రం చేసుకోలేదు.

సరే, ఇంటికొచ్చి యాప్ తెరిచాను. ఆన్ చెయ్యాలంటే ఓటీపీ కావాలంది. ఓటీపీ వైజాగ్ నంబరుకి వస్తుంది. ఆ సిమ్ము మా అబ్బాయి తీసేసి అక్కడి సిమ్ము వేశాడు. దాన్ని నేను కాయితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నాను. తీసి మళ్లీ వేశాను. సిగ్నల్ లేదు, ఎందుకంటే ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించుకోలేదు. రోమింగ్ పెడదామని ఫోను కంపెనీ యాప్‌లోకి వెళ్తే, లాగిన్ అవడానికి ఓటీపీ పంపిస్తానంది. ఎక్కడికి? ఆ నంబరుకే! తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసుకోవడమంటే ఇదే.

బ్యాంకుకి ఫోన్ చేశాను. ఏ బ్యాంకో చెప్పను, అన్నీ అంతే. బ్రాంచికి ఒకసారి రండి సార్ అన్నారు. రాలేనమ్మా, ఏడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నానంటే, ఫారం మీద సంతకం చేసి స్కాన్ పంపమన్నారు. పంపాను. రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది, సంతకం కలవలేదని. వయసొచ్చింది, చెయ్యి కొంచెం వణుకుతోంది, మరేం చేస్తాం. మెయిల్ చదివి మా ఆవిడ, "నేను నేనే కదేటి అని రాయండి" అంది. ఆ గాజువాక ఆయన సంగతి నేనే ఇంట్లో చెప్పాను, అది ఆవిడ మర్చిపోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు వెళ్లేటప్పుడు సూట్‌కేసుల బరువు తూచుకుంటారు, ఆవకాయ జాడీకి మూడు కవర్లు చుడతారు. కానీ మిమ్మల్ని మీరని చెప్పే సాక్ష్యాలన్నీ ఇక్కడే వదిలేసి విమానం ఎక్కుతారు. ఫోను నంబరు ఇక్కడిది, అడ్రసు ఇక్కడిది, సంతకం ఇక్కడిది. మనిషి ఒకచోట, రుజువు ఇంకోచోట. కార్డంటే డబ్బనుకుంటాం. కాదు, డబ్బు బ్యాంకులో ఉంటుంది. కార్డు ఒట్టి పరిచయ పత్రం. ఆ పరిచయాన్ని నమ్మాలా వద్దా అన్నదగ్గరే పేచీ అంతా.

ముందు ఫోను సంగతి. ఈ ఊరి సిమ్మును చంపకండి. మీరు ఆరు నెలలకోసారి ఇండియా వచ్చి రీచార్జి చేస్తానంటే కుదరదు. 90 రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరు తీసెయ్యడానికి కంపెనీకి వీలుంది. తీసేశాక కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకెవరికో ఇస్తారు. అంటే మీ ఓటీపీలు కంచరపాలెంలో ఎవరో కొత్తగా సిమ్ము కొన్న కుర్రాడికి వెళ్తాయి. వాడు మంచివాడైతే మీ అదృష్టం. కాబట్టి విమానం ఎక్కకముందే రోమింగ్ ఆన్ చేయించుకోండి. అక్కడ డేటా ఆపేసుకుని ఒట్టి మెసేజ్‌లు మాత్రం అందుకుంటే మామూలుగా ఖర్చుండదు. రెండు సిమ్ములు పట్టే ఫోనైతే వైజాగ్ సిమ్మును తియ్యనే వద్దు.

కొంతమంది పిల్లలు ఏం చేస్తారంటే, సిమ్మును అమ్మ ఫోన్లో వేసి వెళ్తారు. "అమ్మా, ఓటీపీ చెప్పు" అని రాత్రి రెండింటికి ఫోను. ఆవిడ నిద్రకళ్లతో అంకెలు చదువుతుంది. నాలుగు నెలలయ్యేసరికి ఆవిడకి ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చెప్పడం అలవాటైపోతుంది. అక్కడ పడతాడు దొంగ. మీరు మీ అమ్మగారికి రోజూ ఇస్తున్న ట్రైనింగ్ అదీ. ఉద్యోగం వచ్చి ఎన్నారై ఖాతా తెరిచాక అక్కడి నంబరునే బ్యాంకులో నమోదు చేసుకోవచ్చు, ఆ పని చెయ్యండి. 2023 నుంచి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ లాంటి కొన్ని దేశాల నంబర్లతో యూపీఐ కూడా నడుస్తోంది, ఎన్నార్వో, ఎన్నారీ అనే రెండు రకాల ఎన్నారై ఖాతాల మీద. వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఇక పేరు. దీని మీద నేను గంట మాట్లాడగలను, మీరు పారిపోతారు గనక తగ్గిస్తాను.

మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ప్రపంచంలో చాలామందికి తిరగేసి. పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మన పెద్దవాళ్లు ఏం చేశారంటే, మొత్తం పేరంతా ఒకే గడిలో కుక్కేసి రెండో గడి ఖాళీగా వదిలేశారు. పేరంతా సర్‌నేమ్ గడిలోనే పడి గివెన్ నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లకి అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యు అని కొడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అంటే మొదటి పేరు తెలీదు అని. ఆ పిల్లవాడు అక్కడ బ్యాంకులో ఖాతా తెరిస్తే కార్డు మీద కూడా ఫ్ను అని వస్తుంది. కాఫీ షాపులో "మిస్టర్ ఫ్ను" అని పిలిస్తే పలకాల్సిందే. నవ్వుతున్నారు గానీ, దాన్ని మార్చుకోవడానికి నెలలు పడుతుంది. యూఏఈ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2022 నవంబరు నుంచి పాస్‌పోర్టులో ఒంటి పేరు ఉన్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వడం లేదు.

కార్డు సంగతి చూడండి. కార్డు మీద పేరుకి ఉన్న చోటు 26 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో కలిపి. మాటవరసకి కొత్తపల్లి వెంకట లక్ష్మీనారాయణ అనే ఆయన ఉన్నాడనుకోండి. ఇంగ్లీషులో కొత్తపల్లి 10 అక్షరాలు, వెంకట 7, లక్ష్మి 7, నారాయణ 8, మధ్య ఖాళీలు 3. మొత్తం 35. ఇరవయ్యారు దగ్గర కత్తిరిస్తే సరిగ్గా ఎక్కడ తెగుతుందో లెక్కపెట్టండి. లక్ష్మి దగ్గర! నారాయణుడు పోయి లక్ష్మి మిగిలింది. ఆరడుగుల మీసాల మనిషి కార్డు మీద కొత్తపల్లి వెంకట లక్ష్మి. ఇలాంటి పొడుగు పేర్లవాళ్లు ఏది ఉంచాలో, ఏది పొడి అక్షరం చెయ్యాలో కార్డుకి అప్లై చేసేటప్పుడే చెప్పాలి. పాస్‌పోర్టుతో పోలిక తెలిసేలా ఉండాలి. హోటల్ కౌంటర్లో వాడు కార్డునీ పాస్‌పోర్టునీ పక్కపక్కన పెట్టి చూస్తాడు.

స్పెల్లింగ్ మాట చెప్పనే అక్కర్లేదు. అదే లక్ష్మి, టెన్త్ మెమోలో కెఎస్‌హెచ్‌తో, ఆధార్‌లో ఎక్స్‌తో, పాన్‌లో చివర అక్షరం ఐ బదులు వై. మనం చదివితే మూడూ లక్ష్మే. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. మీలో ఎవరికైనా అలా ఉంటే, టెన్త్ మెమోని ఆధారం చేసుకుని మిగతావి దానికి సరిచేసుకోండి. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లాల్సొస్తే ఇప్పుడే వెళ్లండి, వీసా స్టాంపు పడ్డాక కాదు.

ఊరి పేరుతో కూడా ఇదే తంటా. పుట్టిన ఊరు ఒక కాయితంలో విశాఖపట్నం, ఇంకోదాంట్లో వైజాగ్, మా నాన్నగారి తరం కాయితాల్లో వాల్తేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా. చోడవరం, యలమంచిలి వాళ్లు అనకాపల్లి జిల్లా అయ్యారు, అరకు, పాడేరు వాళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యారు. ఇల్లు కదల్లేదు, జిల్లా కదిలింది. పాత ఆధార్‌లో విశాఖ జిల్లా, కొత్త సర్టిఫికెట్‌లో అనకాపల్లి. అక్కడ విదేశంలో కూర్చున్న గుమస్తాకి ఇదెలా తెలుస్తుంది? ఆయన తప్పు కాదు. ఇక మా వయసువాళ్ల పుట్టినరోజులు ఎటూ బడిలో పంతులుగారు వేసినవే. జూలై ఒకటిన పుట్టినవాళ్లు ఈ హాల్లో ఎంతమందున్నారో అడగను.

ఖాతా గురించి నాలుగు ముక్కలు. ఉద్యోగానికి వెళ్లినా, చదువుకి వెళ్లినా, ఫెమా అనే విదేశీ మారక చట్టం లెక్కలో మీరు ఎన్నారైలే. విద్యార్థుల విషయం 2003 నుంచీ అంతే. ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వోగా మార్పించుకోవాలి. చాలామంది మార్చరు. "ఏమవుతుంది సార్" అంటారు. మామూలుగా ఏమీ అవదు. ఎప్పుడో కేవైసీ, అంటే గుర్తింపు కాయితాలు, మళ్లీ అడిగిన రోజున, ఖాతా స్తంభించిన రోజున అవుతుంది. అక్కడ సంపాదించింది పంపడానికి ఎన్నారీ ఖాతా. దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, డబ్బు ఎప్పుడైనా తిరిగి పట్టుకెళ్లొచ్చు. కేవైసీ కాయితాల మీద అటెస్టేషన్ కావాలంటే దానికోసం విమానం ఎక్కి రానక్కర్లేదు. అక్కడి నోటరీ, మన ఎంబసీ, కాన్సులేట్, మన బ్యాంకుల విదేశీ బ్రాంచీల్లో అధికారులు చెయ్యొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. బ్రాంచిలో ఎవరైనా కాదంటే మర్యాదగా ఆ మాట గుర్తుచెయ్యండి. నేను సీటులో ఉన్నప్పుడు నాకెవరైనా గుర్తుచేస్తే చిరాకు పడేవాణ్ణి, కానీ పని చేసేవాణ్ణి.

వాడకంలో ఒక్క మోసం మాత్రం చెప్తాను. మోసమనకూడదు, చట్టబద్ధమే. అక్కడ మిషన్ మీద "రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా" అని వస్తుంది. రూపాయలని చూడగానే మనకి మన ఊరివాడు కనబడినట్టు ప్రాణం లేచొస్తుంది. నొక్కకండి. ఆ రేటు వాడి ఇష్టం, మీకెప్పుడూ నష్టమే. ఎక్కడుంటే అక్కడి డబ్బే నొక్కండి. అప్పుడు కూడా మన బ్యాంకు ఊరుకోదు లెండి. చాలా క్రెడిట్ కార్డుల మీద మార్కప్ అని 3.5 శాతం రుసుం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 40,000 రూపాయల ఖర్చుకి 1,652 రూపాయలు అదనం. అందుకే మన కార్డు మొదటి నెల గట్టెక్కడానికే. తర్వాత అక్కడి ఖాతా తెరుచుకోవాల్సిందే.

అక్కడే అసలు సర్కస్ మొదలవుతుంది. జర్మనీలో ఇల్లు అద్దెకి కావాలంటే బ్యాంకు ఖాతా ఏదంటారు. ఖాతాకి వెళ్తే అడ్రసు నమోదు కాయితం ఏదంటారు. నమోదుకి వెళ్తే ఇంటి ఓనరు సంతకం ఏదంటారు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు. మా అబ్బాయి మొదటి నెల ఒక స్నేహితుడి గదిలో ఉండి, ఆ ఓనరుని బతిమాలి కాయితం తెచ్చుకున్నాడు. అక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆన్‌లైన్లో ఖాతా తెరిచినవాణ్ణి పోస్టాఫీసుకి పంపిస్తారు. పోస్టాఫీసు గుమస్తా పాస్‌పోర్టు చూసి, మొహం చూసి, వీడు వీడే అని బ్యాంకుకి చెప్తాడు. మన పోస్టుమాన్ కూడా వీధిలో అందరినీ ఎరిగినవాడే కదా, ఆయన మాటకి ఇంత విలువ మనమెందుకివ్వమో నాకు అర్థం కాదు.

బ్రిటన్‌లో ఇదివరకు రెసిడెన్స్ పర్మిట్ అని ప్లాస్టిక్ కార్డు ఒకటి చేతికిచ్చేవారు. 2024 డిసెంబరు 31తో వాటి కాలం ముగిసింది. ఇప్పుడంతా ఈ-వీసా. ఇంటివాడికో యజమానికో చూపించాలంటే ఆన్‌లైన్లో షేర్ కోడ్ తీసి ఇవ్వాలి. లాగిన్ అవడానికి కోడ్ ఎక్కడికొస్తుంది? మీ ఫోనుకో మెయిల్‌కో. చూశారా, తిరిగి తిరిగి ఫోను దగ్గరికే వచ్చాం. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరు ఉద్యోగం ఉంటేగానీ ఇవ్వరు, కానీ చాలా బ్యాంకుల్లో పాస్‌పోర్టు, కాలేజీవాళ్లిచ్చే ఐ-20 ఫారం, అడ్రసు కాయితంతో ఖాతా తెరుస్తారు. ఇక్కడి మీ సిబిల్ స్కోరు 800 అయినా అక్కడివాడికి మీరు నిన్న పుట్టినవాళ్లే. డిపాజిట్ కట్టి చిన్న క్రెడిట్ కార్డు తీసుకుని అక్కణ్ణించి ఎదగాలి. పెట్రోలు పంపులో మిషన్ అయిదంకెల జిప్ కోడ్ అడుగుతుంది. మన పిన్‌కోడ్ ఆరంకెలు. కుస్తీ పట్టకుండా లోపలికెళ్లి మనిషికి డబ్బు కట్టండి.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఇక్కడ తక్కువ కనబడుతున్నారు. నిజానికి ఈ మాటలు వాళ్లకే ఎక్కువ కావాలి. ఉద్దానం వైపు నుంచి వెల్డింగు పనికి వెళ్లే కుర్రాళ్లు నా కౌంటర్‌కి చాలామంది వచ్చేవారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది సార్ అంటారు, అదేదో సహజమైనట్టు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని దాని మీదే రాసుంటుంది. యజమాని దగ్గర పెట్టుకోవడం యూఏఈలో, సౌదీలో, ఖతర్‌లో చట్టవిరుద్ధం. అలాగని కుర్రాడు వెళ్లి యజమానిని నిలదీయగలడా అంటే, అంత తేలిక కాదని నాకూ తెలుసు. కనీసం పాస్‌పోర్టు, వీసా, ఇకామా అనే అక్కడి నివాస కార్డు, వీటి ఫొటోలు ఇంట్లో భార్య ఫోన్లో ఉండాలి. ఇంకొకటి, క్యాంపులో పదిమంది ఏటీఎం కార్డులూ పిన్‌లూ ఒకడికిచ్చి జీతాలు తీయించుకుంటారు. స్నేహం బాగున్నన్నాళ్లూ బాగానే ఉంటుంది.

పిన్ అంటే గుర్తొచ్చింది. నాలుగంకెలే ఎందుకో తెలుసా? ఏటీఎం కనిపెట్టిన వాళ్లలో ఒకాయన షెపర్డ్ బారన్. మన షిల్లాంగ్‌లో పుట్టాడు. 1967లో లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్‌లో మొదటి మిషన్ పెట్టారు. ఆరంకెలు పెడదామనుకుంటే, వంటింటి బల్ల దగ్గర ఆయన భార్య నాకు నాలుగే గుర్తుంటాయి అందట. ప్రపంచంలో చాలాచోట్ల ఆవిడ మాటే చెల్లింది. మా ఇంట్లోనూ అంతే.

మీ గడువు తీరిన కార్డుకి బదులు కొత్తది ఎక్కడికొస్తుంది? సీతమ్మధారలో మీ ఇంటికి. అమ్మగారు ఆ కవరు భద్రంగా బీరువాలో పట్టుచీరల మధ్య పెడతారు, విప్పకుండా. మీకు ఆర్నెల్ల తర్వాత చెప్తారు, "ఏదో బ్యాంకు ఉత్తరం వచ్చింది నాన్నా" అని. వెళ్లేముందు కార్డు మీద గడువు చూసుకోండి, ఏడాదిలోపు తీరేదైతే ఇప్పుడే మార్పించుకోండి.

కార్డు పోతే ముందు బ్లాక్ చెయ్యండి, ఏడుపు తర్వాత. మీ తప్పు లేకుండా ఎవరో డబ్బు లాగేస్తే, బ్యాంకు నుంచి కబురందిన మూడు పనిదినాల్లోపు చెప్తే మీ మీద బాధ్యత సున్నా. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత మీ నెత్తిన పడుతుంది. ఆ తర్వాత బ్యాంకు దయ. అందుకే మెసేజ్ రాకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. మళ్లీ ఫోనే!

నా కథ ముగిస్తాను. అక్కడుండగానే నవంబరు వచ్చింది. పెన్షనర్లకి తెలుసు, నవంబరంటే బతికే ఉన్నామని రుజువు చూపించాల్సిన నెల. సంతకం కలవని మనిషిని, ఓటీపీ రాని మనిషిని, బతికున్నానని ఎలా చెప్పను? ఫ్రాంక్‌ఫర్ట్‌లో మన కాన్సులేట్ ఉంది. ఫారం, పెన్షన్ కాయితం, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లాను. వరసలో నా వంతు వచ్చింది. కౌంటర్ అవతల ఒకమ్మాయి, మా అమ్మాయి వయసుంటుంది. పాస్‌పోర్టులో ఫొటో చూసింది. తలెత్తి నా మొహం చూసింది. "ఇక్కడ సంతకం పెట్టండి అంకుల్" అంది. నేను వణుకుతూ పెట్టాను. అది దేనితోనూ కలిపి చూడలేదు. స్టాంపు వేసి ఇచ్చేసింది. ఆ ఊరికెళ్లాక నేను ఎదురుగా నిలబడితే చాలిన చోటు అదొక్కటే.

తిరిగి ట్రైన్లో వస్తూ మా ఆవిడ ఫారం తీసి చదివి, "పోన్లెండి, ఇప్పటికైనా తేలింది, మీరు మీరేనని" అంది. గాజువాక ఆయన ఫారం నేను ఆ రోజు వెనక్కివ్వకుండా, మేనేజరు గారి దగ్గరికి తీసుకెళ్లి ఎదుట సంతకం పెట్టించి కొత్తది నమోదు చేయించగలిగేవాణ్ణి. పది నిమిషాల పని. చెయ్యలేదు, మధ్యాహ్నం భోజనం టైమైంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర పసుపు చున్నీ అమ్మాయి ముందునుంచీ చెయ్యెత్తుతోంది. ఆవిడకి మైకివ్వండి.